గండిపేటకు గొడుగు పట్టిన పాలారు

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవాళ్లు ముందుగా చేసే పని చెప్పులు విప్పడం. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, అది తీరితే 108. వీసా రావాలని కొందరు, వచ్చిందని కొందరు లోపల గిరగిరా తిరుగుతుంటారు. బయట చెప్పుల గుట్ట పెరుగుతుంటుంది. గుడికి కాస్త దూరంలోనే ఉస్మాన్‌సాగర్. హైదరాబాదీలు ముద్దుగా గండిపేట అని పిలుచుకునే చెరువు. దర్శనం అయిపోయాక మొయినాబాద్ దాటి చేవెళ్ల రోడ్డు పట్టుకుంటే ఊడలు దిగిన మర్రిచెట్లు పలకరిస్తాయి. రోడ్డు పక్కన కారాపితే మట్టి వాసన పోని క్యారెట్లు, టమాటాలు, పాలీహౌస్‌ల నుంచి వచ్చిన గులాబీలు. ఆదివారం ఇంతకంటే ఏం కావాలి!

అయితే, గుడి బయట వదిలిన ఆ చెప్పులకూ, పక్కనున్న ఆ చెరువుకూ ఓ చుట్టరికం ఉంది. చెప్పుల తోలును మెత్తగా, కుళ్లకుండా ఉంచేది క్రోమియం అనే లోహం. ఆ లోహం ఆరువందల కిలోమీటర్ల అవతల పాలారు అనే నదిని పాడుచేసింది. ఆ నది కోసం అక్కడి జనం వేసిన కేసులో వచ్చిన తీర్పే, మూడేళ్ల తరవాత ఇక్కడ గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు గొడుగు పట్టింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఇన్నాళ్లూ పొగగొట్టాల బదులు పూలతోటలు కనిపించాయంటే అందులో ఆ గొడుగు చలవ కూడా ఉంది. ఇప్పుడు దాన్ని మడిచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. కాబట్టి ఆ కథ ఓసారి చెప్పుకోవాలి.

లందలో వారాలు... డ్రమ్ములో ఒక్క రోజు

పచ్చి తోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. ఎండబెడితే చెక్కలా బిగుసుకుపోతుంది. కుళ్లకుండా, బిగుసుకోకుండా మెత్తగా ఉంచడమే తోలు ఊనడం. మన పల్లెల్లో ఈ విద్య మాదిగల చేతుల్లో ఉండేది. ఊరి చివర లంద ఉండేది. సున్నం నీళ్లలో తోలును నానబెట్టి వెంట్రుకలు రాలగొట్టేవాళ్లు. తరవాత తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నానబోసిన నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టేవాళ్లు. చెట్టు బెరడులోని వగరు తోలులోకి ఎక్కేది. చెప్పులు, పగ్గాలు, బావిలోంచి నీళ్లు తోడే మోట బొక్కెన అన్నీ అందులోంచే. ఊరు ఆ లందకు ముక్కు మూసుకుంది గానీ, ఊరి పొలం తడిసింది ఆ బొక్కెనతోనే.

బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. అదే చెట్టు బెరడు ఒకప్పుడు టన్నుల కొద్దీ మద్రాసు ట్యానరీలకు వెళ్లేదన్న సంగతి ఈ తరానికి తెలియకపోవచ్చు.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ అనే రసాయనవేత్త క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లిషు ఇంజినీరు దాన్ని మద్రాసుకు తెచ్చాడు. ఎందుకో తెలుసా? బూట్ల కోసం కాదు. నీళ్లలో నానినా త్వరగా పాడవని మోట బొక్కెనల కోసం! రైతు బావి దగ్గర మొదలైన ఆ ప్రయాణమే చివరికి రైతు బావిని పనికిరాకుండా చేసే దాకా వచ్చింది.

చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో ఒక్క రోజులో అయిపోతుంది. పెద్ద చెక్క డ్రమ్ములో తోళ్లు వేసి, బేసిక్ క్రోమియం సల్ఫేట్ అనే పచ్చటి పొడి కలిపి తిప్పుతారు. తోలు నీలంగా మారి బయటికొస్తుంది. దాన్ని వ్యాపారంలో ‘వెట్ బ్లూ’ అంటారు. మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది, ఏ రంగయినా చక్కగా పట్టుకుంటుంది. అందుకే ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో నూటికి 80 పాళ్లకు పైగా క్రోమ్ తోలే. కాళ్లకు బూట్లు, నడుముకు బెల్టు, చేతిలో పర్సు, కారులో సీటు... చాలావరకు అదే.

చిక్కు ఎక్కడంటే, డ్రమ్ములో వేసిన క్రోమియం మొత్తం తోలుకు పట్టదు. మామూలు పద్ధతిలో పట్టేది 60, 70 పాళ్లే. మిగతాది నీళ్లతో పాటు బయటికి పోతుంది. తోలుకు పట్టినదైనా అంతా చెప్పుగా మారదు. మందం సరిచేయడానికి చెక్కేసిన పొట్టు, అంచుల కత్తిరింపులు, నునుపు చేసేటప్పుడు లేచే దుమ్ము... అన్నింట్లోనూ క్రోమియమే. టన్ను ఉప్పు తోళ్లు ట్యానరీలోకి వెళితే తయారైన తోలుగా బయటికి వచ్చేది సుమారు 200 కిలోలు. మిగిలిందంతా ఏదో ఒక రూపంలో చెత్తే.

ఒకటే లోహం, రెండు గుణాలు

క్రోమియం పేరు వినగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. అందులో రెండు రకాలున్నాయి. ట్యానరీలో వాడేది మూడో రకం... అంటే మూడు విద్యుదావేశాలున్న క్రోమియం. ఇది గుంజకు కట్టేసిన ఎద్దు లాంటిది. నీళ్లలో అంత సులువుగా కరగదు, మట్టికి అంటుకుని ఉండిపోతుంది. మల్టీవిటమిన్ బిళ్లల్లో కూడా ఇది కొద్దిగా ఉంటుంది. రెండోది ఆరు విద్యుదావేశాల క్రోమియం. అది పలుపు తెంచుకున్న ఎద్దు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మట్టిలో ఆగకుండా భూగర్భ జలాల వెంట ప్రయాణిస్తుంది, శరీర కణాల్లోకి చొరబడుతుంది. దీన్ని పీల్చే కార్మికులకు ముక్కు దూలానికి రంధ్రాలు పడడం, చర్మం మీద మానని పుళ్లు లేవడం వందేళ్లకు పైగా వైద్యులకు తెలిసినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో పెట్టింది. ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్.

ఈ రెండో రకంతో కాలిఫోర్నియాలోని హింక్లీ అనే చిన్న ఊళ్లో బావులు పాడయ్యాయి. అక్కడి గ్యాస్ కంపెనీ తుప్పు పట్టకుండా వాడిన క్రోమియం నీళ్లను గుంటల్లోకి వదిలింది. జనం కోర్టుకెక్కితే 1996లో 33 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. జూలియా రాబర్ట్స్‌కు ఆస్కార్ తెచ్చిన ‘ఎరిన్ బ్రోకోవిచ్’ సినిమా ఆ కథే.

‘మన ట్యానరీల్లో వాడేది కట్టేసిన ఎద్దే కదా, భయమేంటి?’ అనే ప్రశ్న రావడం సహజం. పరిశ్రమ వాళ్లూ అదే అంటారు. ఆ మాటలో నిజం ఉంది... సగం. పలుపు తెగే సందర్భాలు ఉన్నాయి మరి. క్రోమ్ తోలు ముక్కల్ని ఆరుబయట తగలబెడితే ఆ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు మూడో రకంలో కొంత ఆరో రకంగా మారుతుంది. సున్నం కలిసి ఉంటే ఇంకా సులువుగా మారుతుంది. ట్యానరీ చెత్తలో సున్నానికి కొదవే లేదు. మాంగనీస్ ఆక్సైడ్లు ఉన్న నేలల్లో కూడా నెమ్మదిగా ఈ మార్పు జరుగుతుంది. దీనికి రివర్స్‌లో జరిగేదీ ఉంది. పేడ ఎరువు, కుళ్లిన ఆకులు ఎక్కువగా ఉన్న మట్టి ఆరో రకాన్ని మళ్లీ మూడో రకంగా మార్చి కట్టేస్తుంది. అంటే ఒకే చెత్త ఒక చోట మొద్దులా పడి ఉంటుంది, మరో చోట విషమవుతుంది. ఎక్కడ ఏమవుతుందో ముందే చెప్పలేకపోవడమే దీనితో ఉన్న పేచీ.

తాగే నీళ్లలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. వెయ్యి లీటర్ల ట్యాంకులో అది 50 మిల్లీగ్రాములు. జ్వరానికి మింగే 500 మిల్లీగ్రాముల బిళ్లలో పదో వంతు! ఆరో రకం బాగా ఎక్కువైతే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి గానీ, ప్రమాణానికి కాస్త అటూ ఇటూగా ఉంటే కంటికి ఏమీ కనబడదు. మరిగిస్తే పోదు. పైగా నీళ్లు ఆవిరై మిగతాది ఇంకాస్త చిక్కబడుతుంది.

కుప్పం దాటాక...

పాలారు మనకు పరాయి నదేం కాదు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాట అడుగు పెడుతుంది. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట, ఆర్కాటు, కాంచీపురం మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఈ ఊళ్లలో తెలుగు మాట వినబడని బజారు తక్కువ. వైద్యం కోసం వేలూరు సీఎంసీకి వెళ్లే తెలుగువాళ్లు కాట్పాడి స్టేషన్లో దిగి, పాలారు వంతెన మీద నుంచి చూసి ‘ఇంత పెద్ద నదిలో నీళ్లేవి?’ అనుకోవడం మామూలే. ఏడాదిలో ఎక్కువ రోజులు పైన ఇసకే కనిపిస్తుంది. నీళ్లు ఇసక కిందే. అందుకే ఒడ్డున తవ్విన బావి ఎండేది కాదు, ఆ బావుల మీదే ఊళ్లు బతికేవి.

ఆ ఒడ్డునే వందల ట్యానరీలు వెలిశాయి. ఎగుమతులు పెరిగాయి, విదేశీ డాలర్లు వచ్చాయి, వేలమందికి పని దొరికింది. ఆంబూరు బూటు ఐరోపా దుకాణాల్లో మెరిసింది. వాడిన నీళ్లు మాత్రం కాలవల్లోకి, చెరువుల్లోకి, అక్కడి నుంచి నదిలోకి పోయాయి. కిలో తోలు తయారవడానికి దాదాపు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని, సుమారు 170 రకాల రసాయనాలు వాడతారని సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కాగితాల్లో ఉంది. తోళ్ల వాడల చుట్టూ 35 వేల హెక్టార్ల సాగుభూమి కొంతో, పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందనీ ఉంది. దిండిగల్ వైపు 13 ఊళ్లలో 467 బావులు చూస్తే 350 పాడైపోయినట్లు తేలింది.

నిజం చెప్పాలంటే ఆ పొలాలను ముందుగా దెబ్బతీసింది ఉప్పు. తోళ్లు కుళ్లకుండా పట్టించే ఉప్పంతా కడుగు నీళ్లలో వచ్చి నేలను చవుడు చేసింది. ఉప్పు చేసిన గాయం పైకి కనిపిస్తుంది, నాలుకకు తెలుస్తుంది. క్రోమియం అలా కాదు. బురదలో చేరి, గుట్టగా మారి, చప్పుడు లేకుండా కూర్చుంటుంది.

రాణిపేటలో ఆ గుట్ట నిజంగానే ఉంది. ట్యానరీలకు కావలసిన క్రోమియం లవణాలు తయారుచేసే తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే ఫ్యాక్టరీ 1970ల్లో అక్కడ మొదలై 1995లో మూతపడింది. పోతూ పోతూ లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని ఆవరణలో వదిలిపోయింది. అది కట్టేసిన ఎద్దు కాదు, తెంచుకున్నదే. వాన పడినప్పుడల్లా కరిగి కిందికి దిగింది. మన ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి ఆ విషం భూగర్భ జలాల్లో ఎటు, ఎంత దూరం పాకుతోందో లెక్కకట్టారు. 2006లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితా ప్రకటిస్తే అందులో రాణిపేట పేరుంది. చెర్నోబిల్ పక్కన!

మరి మురుగునీటి శుద్ధి కేంద్రాలు పెట్టలేదా అంటే, పెట్టారు. కోర్టు కర్ర పట్టుకున్నాక అన్ని ట్యానరీలకూ కలిపి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. నీళ్లలోని క్రోమియం తగ్గింది. కానీ క్రోమియం మూలకం. కాలిస్తే పోదు, పాతితే పోదు. నీళ్లలోంచి తీస్తే బురదలోకి వెళుతుంది, అంతే. 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేట పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంలో ఆ బురద నిలవ చేసిన తొట్టి గోడ కూలింది. పక్కనున్న ట్యానరీలో నిద్రపోతున్న పదిమంది ఆ బురదలో మునిగి చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎక్కడో పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు.

1996 అనే ఏడాది

వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ‘గ్రీన్ జడ్జి’గా పేరుపడ్డ జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం అది. ట్యానరీలకు తలా పదివేలు జరిమానా వేయడం, పరిహారం లెక్కగట్టే అథారిటీ పెట్టమనడం అందులో ఓ భాగం. అసలు విలువైనవి అందులోని రెండు సూత్రాలు. ఒకటి, పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. రెండు, ముందుజాగ్రత్త. అంటే, హాని జరుగుతుందని శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా ఆగక్కర్లేదు. ‘మా వల్ల ముప్పు లేదు’ అని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే.

సరిగ్గా అదే ఏడాది, తీర్పుకు అయిదు నెలల ముందు, మార్చి 8న హైదరాబాద్‌లో జీవో 111 వచ్చింది. 1908 మూసీ వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారన్నది చిన్నప్పుడు అందరూ చదువుకున్నదే. ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది జీవో సారాంశం. 84 ఊళ్లు, 1.32 లక్షల ఎకరాలు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, షాబాద్... అన్ని మండలాల ఊళ్లూ అందులో ఉన్నాయి.

జీవో కాగితం మాత్రమే. దాని బలం తేలింది ఇంకో కేసులో. హిమాయత్‌సాగర్ ఎగువన పెద్దషాపూర్‌లో ఆముదంతో రసాయనాలు తయారుచేసే ఓ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. అందులో వాడే నికెల్ అనే లోహం చెరువులోకి చేరుతుందా, చేరదా అన్నది తగవు. చేరదని కంపెనీ, చేరొచ్చని కాలుష్య నియంత్రణ మండలి. తలా ఒక నిపుణుడి నివేదిక. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999 జనవరి 27న జస్టిస్ జగన్నాధరావు రాసిన తీర్పు, పాలారు కేసులోని ముందుజాగ్రత్త సూత్రాన్నే తీసుకుని వివరంగా విడమరిచింది. నికెల్ చేరుతుందని ప్రభుత్వం నిరూపించనక్కర్లేదు, చేరదని కంపెనీ నిరూపించుకోవాలి. 2000 డిసెంబరు 1న వచ్చిన చివరి తీర్పులో ఫ్యాక్టరీకి మినహాయింపు దక్కలేదు. లక్షలమంది తాగే నీళ్ల విషయంలో సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదని కోర్టు తేల్చింది.

ట్యానరీ తోలు ఊనింది పాలారు ఒడ్డున. దాని వల్ల పుట్టిన చట్టం కాపాడింది మూసీ, ఈసీ నదులను. అక్కడి రైతుల బావులు పోకపోతే ఇక్కడి చెరువులకు ఆ సూత్రం అప్పటికి సిద్ధంగా ఉండేది కాదు.

గొడుగు మడిచాక?

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీవో 69 ఇచ్చింది. జీవో 111లోని ఆంక్షలు తొలగిస్తున్నామని, అయితే రెండు చెరువుల నీటి నాణ్యత ఎట్టి పరిస్థితిలోనూ చెడకూడదని అందులో ఉంది. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం అవసరాల్లో ఈ చెరువుల వాటా 1.25 శాతం కూడా లేదన్నది చెప్పిన కారణం. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది.

రైతుల వైపు నుంచి చూస్తే ఆ నిర్ణయానికి చప్పట్లు కొట్టడంలో తప్పు లేదు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే వీళ్ల భూమికి ధర లేదు. బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామన్నా జీవో అడ్డం. అదే సమయంలో పెద్దవాళ్ల ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, కాలేజీలు మాత్రం కళ్లముందే లేచాయి. నగరం నీళ్ల కోసం పాతికేళ్లు నష్టపోయినందుకు ఆ 84 ఊళ్లకు దక్కిందేమిటి? ఈ ప్రశ్నకు ఏ సర్కారూ సరిగ్గా జవాబు చెప్పలేదు. నీళ్లు తాగే నగరం, నీళ్లిచ్చే ఊళ్లకు ఏటా ఇంతని చెల్లించే ఏర్పాటు ఉంటే ఈ గొడవ ఇంత దూరం వచ్చేది కాదేమో!

అలాగని మొయినాబాద్‌లో రేపు ట్యానరీ దిగుతుందని కాదు. తోళ్ల శుద్ధి ‘రెడ్ కేటగిరీ’ పరిశ్రమ. బోర్డు పెట్టుకుని రావాలంటే సవాలక్ష అనుమతులు కావాలి. అసలు భయం బోర్డు పెట్టుకోకుండా వచ్చేదాని గురించి. నగరంలో ఇమడని చెత్తకు నగరం అంచులే దిక్కు. ప్రమాదకర వ్యర్థాల కోసం దుండిగల్‌లో ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడికి పంపాలంటే డబ్బు కట్టాలి. రాత్రిపూట ఓ బీడు భూమిలో గుమ్మరించాలంటే డీజిల్ ఖర్చు సరిపోతుంది. తోలు పొట్టు చూడ్డానికి రంపపు పొట్టులా ఉంటుంది. నీలిఛాయ ఉన్న ఆ పొట్టును ‘పొలానికి నత్రజని’ అనో, ఇటుక బట్టీకి వంటచెరకు అనో అంటగడితే తీసుకునేవాళ్లూ ఉంటారు. బట్టీలో వేస్తే ఏమవుతుందో పైనే చెప్పుకున్నాం... పలుపు తెగుతుంది. బూడిదలో మిగిలేది ఆరో రకం.

కోళ్ల ఫారాల వాళ్లు వినాల్సిన సంగతి ఒకటుంది. ఢాకాలోని హజారీబాగ్ ట్యానరీల నుంచి వచ్చిన తోలు ముక్కల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి కోళ్లకు, చేపలకు మేతగా అమ్మారు. మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ధర తక్కువ. ఆ కోళ్ల మాంసంలో, గుడ్లలో క్రోమియం తేలింది. 2011లో బంగ్లాదేశ్ హైకోర్టు ఆ మేతను ఆపమంది. 2017లో హజారీబాగ్ ట్యానరీలనే అక్కడి నుంచి తరలించారు. మేత బస్తా మరీ చవగ్గా వస్తోందంటే అది దేంతో తయారైందో అడగడం మంచిది.

కూరగాయల సంగతికొస్తే, క్రోమియం మొక్కలోకి వెళ్లినా ఎక్కువభాగం వేళ్లలోనే ఆగిపోతుంది. ఆకుకు, కాయకు చేరేది తక్కువ. వరికీ టమాటాకూ ఇది కాస్త ఊరట. కానీ చేవెళ్ల పేరు చెప్పగానే గుర్తొచ్చేదే క్యారెట్టు. మనం తినేదే వేరు! చేవెళ్ల క్యారెట్లో క్రోమియం ఉందని ఎవరూ అనడం లేదు, కంగారుపడి సంచి కింద పెట్టకండి. ఆ మట్టి ఇప్పటిదాకా బాగుంది కాబట్టే ఈ మాట చెప్పుకోవడం.

ఇంట్లో చేయగలిగిన పని చిన్నదే. పాత చెప్పులు, తెగిన బెల్టులు, పర్సులు చెత్తతో కలిపి పెరట్లో తగలబెట్టకపోవడం. చలిమంటలో అసలే వద్దు. చెప్పు పట్టీ తగిలిన చోట చర్మం ఎర్రబడి, దురద పెట్టి, మానకపోతే చర్మ వైద్యుడికి ఆ చెప్పుల సంగతి కూడా చెప్పండి. సరిగ్గా ఊనని తోలులో ఆరో రకం కొద్దిగా మిగిలిపోయి కొందరికి అలర్జీ తెస్తుంది. ఐరోపా దేశాలు 2015 మే నుంచి కిలో తోలులో అది 3 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టాయి.

తోలు మానేయాలా? అక్కర్లేదు. ఈ పరిశ్రమను బాగుచేసే మార్గాలు కూడా మన దగ్గర నుంచే వచ్చాయి. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ప్రపంచం గుర్తించిన తోళ్ల శాస్త్రవేత్త. చెన్నై అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. 1985లో కనిష్క విమానం పేలుడులో చనిపోయారు. ఆయన పెంచి పెద్దచేసిన సంస్థలోనే ఇటీవల, నీళ్లు వాడకుండా క్రోమ్ పట్టించే పద్ధతి కనిపెట్టారు. డ్రమ్ములోంచి వచ్చే క్రోమ్ నీళ్లను మెగ్నీషియం ఆక్సైడ్‌తో పేరబెట్టి, లోహాన్ని తిరిగి తోలుకే వాడే పద్ధతీ ఉంది. క్రోమ్ లేకుండా తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోలుకు విదేశాల్లో మళ్లీ గిరాకీ పెరుగుతోంది. వారాలు పట్టే ఆ పాత లంద విద్యకు ఇప్పుడు ‘ఎకో లెదర్’ అని పేరు పెట్టి ఎక్కువ ధర కడుతున్నారు. ఆ విద్య తెలిసిన చేతులకు ఆ ధరలో వాటా దక్కుతుందా అన్నది వేరే సంగతి.

పాలారు కేసు మాత్రం ముగిసిపోలేదు. తీర్పు వచ్చిన 28 ఏళ్ల తరవాత, 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ అదే వేలూరు గురించి మాట్లాడాల్సి వచ్చింది. పరిహారం ఇంకా అందని కుటుంబాలకు ప్రభుత్వం ముందు చెల్లించి, తరవాత ట్యానరీల నుంచి రాబట్టుకోవాలని, నది బాగయ్యేదాకా చూసేందుకు ఓ కమిటీ వేయాలని చెప్పింది. బావి పోయిన నాటికి పలక పట్టుకుని బడికెళ్లే పిల్లలు ఇప్పుడు నలభై దాటారు.

ఇక్కడ, అనంతగిరి కొండల మీద పడిన వాన చేవెళ్ల చుట్టుపక్కల పొలాల మీదుగా జారి, మొయినాబాద్ ఊళ్లను ఒరుసుకుంటూ గండిపేటకు చేరుతోంది. దారిలో దానికి ఇప్పటిదాకా ట్యానరీ ఎదురు కాలేదు.